చీకటి కాపలా: మెలటోనిన్, థైరాయిడ్ గ్రంథి

రాత్రి తొమ్మిదిన్నరకు టౌన్‌షిప్ కూడలిలో సి-షిఫ్టు బస్సు వచ్చి ఆగుతుంది. క్యారియర్లు చేతబట్టుకుని మన సహోద్యోగులు బస్సెక్కుతుండగా, వెనుక క్వార్టర్లలో ఒక్కొక్క దీపమే ఆరిపోతూ ఉంటుంది. ఊరంతా నిద్రకు ఉపక్రమించే వేళకు కర్మాగారంలో మరొక దినం ఆరంభమవుతుంది. కొలిమి చల్లారకూడదు, యంత్రం ఆగకూడదు. ఈ ధర్మాన్ని నిర్వర్తించేందుకు మనలో ఎందరో తమ రాత్రిని పగలుగా మార్చుకుంటున్నారు.

అటువంటి సహోద్యోగి ఒకరి ఇంట ఇటీవల మాకు ఒక చిన్న సీసా చూపించారు. అమెరికాలో ఉంటున్న కుమారుడు పంపిన మెలటోనిన్ మాత్రలవి. సి-షిఫ్టు చేసి వచ్చిన తండ్రికి పగటిపూట నిద్ర పట్టడం లేదని పంపాడట. తల్లి పదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. మెలటోనిన్ థైరాయిడ్ గ్రంథిని కాపాడుతుందని ఆమె ఎక్కడో చదివారు. “ఈ మాత్ర నాకూ పనికొస్తుందాండీ? ఇది వేసుకుంటే ఆ మాత్ర మానేయవచ్చా? అయొడిన్ ఉప్పు కూడా థైరాయిడ్‌కు చెరుపేనంటున్నారు, రాళ్లుప్పుకు మారిపోనా?” అని వరుసగా మూడు ప్రశ్నలు వేశారు.

మూడూ న్యాయమైన ప్రశ్నలే. ఆమె చదివినదాంట్లో సత్యం లేకపోలేదు. కానీ ఆ సత్యం ప్రయోగశాల బల్ల మీద ఎంత దూరం వచ్చింది, మన వంటింటి గడప దాకా వచ్చిందా అన్నది వేరే సంగతి. ఆ దూరాన్ని పాఠకులతో కలిసి కొలవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చీకటి పుట్టించే హార్మోను

మన మెదడు నడుమ, లోలోతున, వరిగింజ కంటే కొంచెం పెద్దదిగా ఉండే గ్రంథి పేరు పీనియల్ గ్రంథి. పైన్ చెట్టు కాయను పోలి ఉండడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి తత్త్వవేత్త రెనె డెకార్ట్ దానిని ఆత్మకు ముఖ్య స్థానంగా భావించాడు. అది చేసే పని ఏమిటో తెలియడానికి మాత్రం ఇరవయ్యవ శతాబ్దం దాకా వేచి ఉండవలసి వచ్చింది.

1917లో మెక్‌కార్డ్, ఆలెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ గ్రంథి నుండి తీసిన సారాన్ని కప్ప పిల్లలకు ఇచ్చి చూడగా, వాటి చర్మం రంగు తేలిపోయింది. నాలుగు దశాబ్దాల తరువాత అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు ఈ విచిత్రాన్ని మళ్లీ చేతికెత్తుకున్నాడు. చర్మపు రంగుకు సంబంధించిన వ్యాధుల రహస్యం ఇందులో దొరకవచ్చునని ఆయన ఆశ. వేలాది పశువుల పీనియల్ గ్రంథులను సేకరించి, వడబోసి, 1958లో ఆయన బృందం ఆ పదార్థాన్ని వేరు చేసి మెలటోనిన్ అని నామకరణం చేసింది. చర్మవ్యాధులకు మందు దొరకలేదు గాని, మానవ దేహంలోని గడియారానికి ముల్లు దొరికింది.

పప్పు, పాలు, గుడ్డు వంటి ఆహారం ద్వారా లభించే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుండి దేహం ముందుగా సెరటోనిన్‌ను, దాని నుండి మెలటోనిన్‌ను తయారు చేసుకుంటుంది. అయితే ఈ తయారీకి ఒక నియమం ఉంది. కంటిలో పడే వెలుతురు సమాచారం మెదడులోని గడియారపు కేంద్రానికి, అక్కడి నుండి పీనియల్ గ్రంథికి చేరుతుంది. వెలుతురు ఉన్నంతసేపు తయారీ దాదాపుగా ఆగిపోతుంది. చీకటి పడగానే మొదలై, తెల్లవారుజామున రెండు, నాలుగు గంటల మధ్య ఉచ్చస్థితికి చేరుతుంది. ఆ సమయంలో రక్తంలో ఉండే మెలటోనిన్, పగటితో పోలిస్తే సుమారు పదిరెట్లు అధికం.

1980లో ఆల్ఫ్రెడ్ లెవీ బృందం అర్ధరాత్రి వేళ మనుషుల ముందు 2500 లక్స్ తీవ్రత గల దీపాలు వెలిగించి చూసింది. వారి రక్తంలో మెలటోనిన్ పగటి స్థాయికి పడిపోయింది. అంత తీవ్రత అవసరం లేదని, మామూలు ఇంటి దీపాలు సైతం పడుకునే ముందు కొన్ని గంటలు వెలిగి ఉంటే మెలటోనిన్ వ్యవధిని సుమారు గంటన్నర కుదిస్తాయని 2011లో ప్రచురితమైన మరొక అధ్యయనం చూపింది. సి-షిఫ్టులో ఫ్లడ్‌లైట్ల కింద ఉన్నవారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

మెడలోని కొలిమి

ఇక థైరాయిడ్ గ్రంథి వద్దకు వద్దాం. కంఠమణికి దిగువన, శ్వాసనాళానికి ఇరువైపులా రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఉండే ఈ గ్రంథి బరువు సుమారు ఇరవై గ్రాములు. దేహంలోని ప్రతి కణం ఎంత వేగంతో పని చేయాలో, ఎంత శక్తిని ఖర్చు చేయాలో నిర్ణయించే హార్మోన్లు ఇక్కడే తయారవుతాయి. ఇవి తగ్గితే మనిషి మందగిస్తాడు. బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, బడలిక కనిపిస్తాయి. ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం వంటి లక్షణాలు పొడసూపుతాయి. ఈ జబ్బులు పురుషుల కంటే స్త్రీలలో చాలా ఎక్కువగా కనిపిస్తాయి కనుక, ఈ వ్యాసాన్ని మన ఇంటి ఆడవారు ప్రత్యేకంగా చదవాలని మా కోరిక.

ఈ హార్మోన్ల తయారీకి ముడిసరుకు అయొడిన్. రక్తంలో అతి స్వల్పంగా ఉండే అయొడైడ్‌ను థైరాయిడ్ కణాలు ఒడిసిపట్టి లోపలికి లాక్కుంటాయి. కానీ లాక్కున్నంత మాత్రాన సరిపోదు. అయొడైడ్‌ను చురుకైన అయొడిన్‌గా మార్చి, థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీనుకు అతికించాలి. ఈ అతుకుపెట్టే పని చేసే ఎంజైముకు ఒక ఆయుధం కావాలి. అదే హైడ్రోజన్ పెరాక్సైడ్. గాయాలను కడగడానికి, వస్త్రాలను చలువ చేయడానికి వాడే ద్రవంలో ఉండేదీ అదే పదార్థం!

థైరాయిడ్ కణం దీనిని ఎక్కడి నుండో తెచ్చుకోదు. తన గోడకే అమర్చుకున్న ప్రత్యేక ఎంజైములతో, అనుదినం, జీవితాంతం, తానే తయారు చేసుకుంటుంది. ఇతర అవయవాలు తమకు అపాయకరమని తరిమికొట్టే పదార్థాన్ని ఈ గ్రంథి కోరి పుట్టిస్తుందన్నమాట. మన కర్మాగారంలో కొలిమి వద్ద పని చేసేవారికి ఈ పరిస్థితి వెంటనే అర్థమవుతుంది. నిప్పు లేనిదే ఉత్పత్తి లేదు. అదే నిప్పు లోపలి ఇటుకల పూత దాటి బయటికి వస్తే కొలిమికే ముప్పు.

తుప్పు లాంటి చెరుపు

ఇనుమును గాలికి, తేమకు వదిలితే తుప్పు పడుతుంది. రసాయన శాస్త్రం దీనిని ఆక్సీకరణం అంటుంది. దేహంలోనూ ఇటువంటిదే ఒక చర్య నిరంతరం సాగుతూ ఉంటుంది. ఒంటరి ఎలక్ట్రాన్‌తో మిగిలిన అణుశకలాలను స్వేచ్ఛా రాడికల్స్ అంటారు. ఆ లోటు పూడ్చుకోవడానికి అవి పక్కనున్న అణువు నుండి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటాయి. దోచుకోబడిన అణువు మరొకదానిని దోస్తుంది. ఇలా గొలుసుకట్టుగా కణపు గోడలోని కొవ్వు పదార్థాలు, ప్రోటీన్లు, చివరకు వంశపారంపర్య సమాచారాన్ని మోసే డీఎన్ఏ సైతం దెబ్బతింటాయి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ తనంత తానుగా మహా ప్రమాదకారి కాదు. కానీ దానికి ఇనుము తోడైతే కథ మారుతుంది. 1894లో హెన్రీ ఫెంటన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు ఈ రెండింటి కలయికలో ఉన్న అసాధారణ ఆక్సీకరణ శక్తిని వెల్లడించాడు. దానికి ఫెంటన్ చర్య అని పేరు స్థిరపడింది. ఆ చర్యలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ జీవకణాలకు తెలిసిన శత్రువులలో అత్యంత క్రూరమైనది. ఆయుష్షు క్షణంలో లక్షల వంతు కూడా ఉండదు. కానీ ఆ లోపలే, పుట్టిన చోటే, తగిలినదానిని కాల్చివేస్తుంది.

మరి నిత్యం పెరాక్సైడ్‌ను పుట్టించే థైరాయిడ్ గ్రంథి ఎలా నిలబడుతున్నది? అది వట్టి చేతులతో లేదు. పెరాక్సైడ్‌ను నీరుగా మార్చే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్, కాటలేజ్ వంటి ఎంజైములు అక్కడ కాపలా కాస్తుంటాయి. ఈ గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ నిర్మాణానికి సెలీనియం అనే ఖనిజం అవసరం. ఒక్కొక్క గ్రాము కణజాలానికి లెక్కిస్తే, దేహం మొత్తంలో సెలీనియం అత్యధికంగా ఉండే అవయవం థైరాయిడే కావడం యాదృచ్ఛికం కాదు. నిప్పు ఎక్కువగా ఉన్నచోట నీళ్ల కుండలూ ఎక్కువగానే ఉంచుకున్నది ప్రకృతి.

ఈ కాపలాదారుల వరుసలో మెలటోనిన్‌కు కూడా చోటున్నదా? ఇదే మన వ్యాసానికి మూలప్రశ్న.

కాపలాదారు గుర్తింపు

మెలటోనిన్‌ను నిద్రకు, రుతువులకు సంబంధించిన హార్మోనుగానే శాస్త్రలోకం చాలాకాలం చూసింది. 1993లో అమెరికాలోని టెక్సాస్‌లో రసెల్ రైటర్, ఆయన సహచరుడు తాన్ తదితరులు దీనికి మరొక ముఖం ఉన్నదని ప్రకటించారు. హైడ్రాక్సిల్ రాడికల్‌ను మెలటోనిన్ నేరుగా పట్టి నిర్వీర్యం చేయగలదని వారి ప్రయోగాలు చూపాయి.

నీటి గొట్టాల ఇనుముకు జింకు పూత పూయడం మనకు తెలిసిందే. తాను ముందుగా క్షయించి, లోపలి ఇనుమును కాపాడడం జింకు స్వభావం. మెలటోనిన్ పద్ధతి కూడా అటువంటిదే. తన ఎలక్ట్రాన్‌ను ఇచ్చి రాడికల్‌ను శాంతింపజేస్తుంది. అంతేకాదు, ఆ పనిలో మెలటోనిన్ మారిపోగా ఏర్పడే పదార్థాలు కూడా మరికొన్ని రాడికల్స్‌ను పట్టగలవు. నీటిలోనూ కొవ్వులోనూ కలిసే గుణం ఉండడం వల్ల కణపు గోడను దాటి లోపలికి పోగలదు. పైగా, ఇంతకు ముందు చెప్పిన కాపలా ఎంజైములను మరింత చురుకుగా పని చేయించే శక్తి కూడా దీనికి ఉన్నట్లు అనేక జంతు ప్రయోగాలలో వెల్లడైంది.

ఈ సంగతిని థైరాయిడ్‌కు అన్వయించి పరీక్షించినవారిలో పోలండ్ దేశంలోని వూచ్ నగరానికి చెందిన మల్గొజాటా కర్బోవ్నిక్, ఆంజెయ్ లెవిన్‌స్కీ ముఖ్యులు. 2003లో ప్రచురితమైన వారి ప్రయోగం సరళమైనది. పంది థైరాయిడ్ కణజాలాన్ని మెత్తగా నూరి, అందులో ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ఫెంటన్ చర్యను రగిలించారు. కణపు గోడల కొవ్వు చెడిపోయినప్పుడు మిగిలే పదార్థాలను కొలిచారు. ఊహించినట్లే చెరుపు బాగా పెరిగింది. మెలటోనిన్ చేర్చిన నమూనాలలో ఆ చెరుపు తగ్గింది. మెలటోనిన్ మోతాదు పెంచినకొద్దీ రక్షణ కూడా పెరిగింది.

మరొక ఆసక్తికరమైన విషయం. మెలటోనిన్ పీనియల్ గ్రంథిలోనే కాక దేహంలో ఇంకా అనేక చోట్ల తయారవుతుందని తేలింది. ఎలుకల థైరాయిడ్ కణాలలో సైతం దాని తయారీకి కావలసిన ఎంజైములు కనిపించాయి. అంటే ఈ కాపలాదారు దూరం నుండి వచ్చే గస్తీవాడు మాత్రమే కాక, కొంతవరకు ఇంట్లోనే ఉండే మనిషి కూడా కావచ్చునన్నమాట.

ఉప్పు మీద అపనింద

ఇప్పుడు ఆ ఇల్లాలి మూడవ ప్రశ్నను ముందుగా తీసుకుంటాం. ఎందుకంటే మూడింటిలోనూ అపాయం ఎక్కువగా ఉన్నది దానిలోనే.

మన దేశంలో అయొడిన్ ఉప్పులో కలిపేది పొటాషియం అయొడేట్. తేమ ఎక్కువగా ఉండే ఉష్ణదేశాలలో, అంతగా శుద్ధి కాని ఉప్పులో కూడా ఇది ఆవిరైపోకుండా నిలుస్తుంది. పొటాషియం అయొడైడ్‌కు ఆ ఓర్పు తక్కువ. ఇదే అయొడేట్‌ను వూచ్ నగర పరిశోధకులు థైరాయిడ్ కణజాలంపై పరీక్షించారు. అయొడైడ్ కొంత రక్షణ చూపగా, అయొడేట్ అటువంటి రక్షణ చూపలేదని 2013లోను, అయొడేట్ కలిగించే చెరుపును మెలటోనిన్ తగ్గించగలదని 2021లోను వారు ప్రకటించారు. ఈ వార్తే చేతులు మారుతూ మారుతూ “అయొడిన్ ఉప్పు విషం” అన్న రూపం దాల్చి ఉంటుంది.

కానీ ఆలోచించండి. గాజు నాళికలో నూరిన కణజాలానికి నేరుగా అయొడేట్ తగిలించడం వేరు, చిటికెడు ఉప్పు కూరలో వేసుకోవడం వేరు. మనం తిన్న అయొడేట్ దేహంలో ప్రవేశించిన వెంటనే చాలా వేగంగా అయొడైడ్‌గా మారిపోతుంది. థైరాయిడ్ గ్రంథి వాకిలి తట్టేది అయొడైడే. ఇక పరిమాణం చూద్దాం. వినియోగదారునికి చేరే ఉప్పులో ఉండవలసిన కనీస అయొడిన్ గ్రాముకు 15 మైక్రోగ్రాములు మాత్రమే. పెద్దవారికి రోజుకు కావలసినది 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250.

దీనికి ప్రయోగశాల సాక్ష్యమే కాదు, ప్రజల సాక్ష్యమూ ఉన్నది. దానితో ఒక తెలుగువాని పేరు ముడిపడి ఉన్నదని చెప్పడానికి మేము గర్విస్తున్నాము. శ్రీకాకుళంలో 1921లో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి 1956లో హిమాచల ప్రాంతపు కాంగ్రా లోయలో ఒక మహత్తర పరిశీలన ప్రారంభించారు. అక్కడ గొంతు వాపు, అంటే గళగండం, ఇంటింటా కనిపించేది. లోయను మూడు మండలాలుగా విభజించారు. ఒక మండలానికి అయొడైడ్ కలిపిన ఉప్పు, ఇంకొక మండలానికి అయొడేట్ కలిపిన ఉప్పు, మూడవదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్లకు మొదటి రెండింటిలోనూ గళగండం స్పష్టంగా తగ్గుముఖం పట్టింది. మూడవ మండలంలో తగ్గలేదు. ఆ తరువాత అక్కడా అయొడిన్ ఉప్పునే అందించారు. 1962లో ప్రారంభమైన జాతీయ గళగండ నివారణ కార్యక్రమానికి ఈ పరిశీలన బలమైన పునాది అయింది.

అయొడేట్ ఉప్పు తిన్నవారికీ అయొడైడ్ ఉప్పు తిన్నవారికీ ఒకే తీరున మేలు జరిగిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన అంశం. అయొడిన్ లోపం వల్ల గొంతు వాపు ఒక్కటే కాదు. కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల కూడా కుంటుపడుతుంది. కనుక అయొడిన్ కలపని రాళ్లుప్పుకు మారడమంటే, లేని పామును తప్పించుకోబోయి ఉన్న గోతిలో పడడమే. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించండి. కానీ వాడే ఆ కొద్దిపాటి ఉప్పూ అయొడిన్ కలిపినదై ఉండాలి.

మాత్ర మాట ఏమిటి?

మిగిలిన రెండు ప్రశ్నలకు జవాబు చెప్పేముందు, మన ఉత్సాహానికి కళ్లెం వేసే నాలుగు సంగతులు విన్నవిస్తాం.

మొదటిది మోతాదు. నాళికలో రక్షణ చూపిన మెలటోనిన్ సాంద్రత, అర్ధరాత్రి మన రక్తంలో సహజంగా ఉండే దానికంటే వేల రెట్లు అధికం. సహజ స్థాయిలో కూడా అంతటి రక్షణ ఉంటుందని ఆ ప్రయోగాలు నిరూపించలేదు.

రెండవది పొంతన లేకపోవడం. సిరియన్ హామ్‌స్టర్ అనే చిన్న జంతువులకు సాయంకాలం వేళ మెలటోనిన్ ఇస్తే థైరాయిడ్ హార్మోన్లు తగ్గాయి. ఇందుకు భిన్నంగా, 42 నుండి 62 ఏళ్ల వయస్సు గల స్త్రీలకు ఆరు నెలల పాటు రాత్రివేళ 3 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇచ్చిన ఒక అధ్యయనంలో హార్మోన్లు పెరిగినట్లు 2001లో వెల్లడైంది. ఒకచోట తగ్గించి, మరొకచోట పెంచే పదార్థాన్ని థైరాయిడ్ మందుగా ఎవరికి వారు వాడుకోవడం ఎంత సాహసమో పాఠకులే ఊహించగలరు.

మూడవది రోగ నిరోధక వ్యవస్థ. అయొడిన్ లోపం లేని ప్రాంతాలలో థైరాయిడ్ మందగించడానికి ప్రధాన కారణం, దేహపు రక్షక దళమే పొరబడి సొంత గ్రంథిపై దాడి చేయడం. మెలటోనిన్‌కు ఆ దళాన్ని ఉత్తేజపరచే గుణం కూడా ఉన్నందున, ఇటువంటి వ్యాధులున్నవారు దానిని జాగ్రత్తగా చూడాలని వైద్యులు హెచ్చరిస్తారు. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ వాడేవారు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా వైద్యుని అడగకుండా దీని జోలికి పోరాదు.

నాలుగవది సీసాలోని సరుకు. అమెరికాలో మెలటోనిన్‌ను మందుగా కాక ఆహార అనుబంధంగా అమ్ముతారు. కెనడాలో కొనుగోలు చేసిన 31 రకాల మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షించగా, చీటీ మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ మొదలు 478 శాతం ఎక్కువ వరకు లోపలి సరుకు మారుతూ ఉన్నట్లు 2017లో బయటపడింది. నాలుగింట ఒక వంతు నమూనాలలో సెరటోనిన్ కూడా కనిపించింది. పిల్లవాడు ప్రేమతో పంపినదే కావచ్చు. సీసాకు ఆ ప్రేమ తెలియదు కదా!

కనుక మొదటి ప్రశ్నకు మా జవాబు: థైరాయిడ్ రక్షణ కోసం మెలటోనిన్ మాత్ర వేసుకోవలసిన ఆధారం నేటికి లేదు. రెండవ ప్రశ్నకు జవాబు మరింత స్పష్టం. థైరాయిడ్ మాత్ర గ్రంథిని కాపాడే మందు కాదు. గ్రంథి తయారు చేయలేకపోతున్న హార్మోనునే దేహానికి అందించే మాత్ర. దానికి మెలటోనిన్ ఎన్నటికీ ప్రత్యామ్నాయం కాజాలదు. వైద్యుడు చెప్పనిదే ఒక్కరోజు కూడా మానరాదు.

తండ్రి నిద్ర సంగతి? రాత్రి షిఫ్టు చేసినవారు మెలటోనిన్ వేసుకుంటే పగటి నిద్ర సగటున సుమారు 24 నిమిషాలు పెరగవచ్చునని 2014లో వెలువడిన ఒక సమీక్ష లెక్క కట్టింది. ఇది స్వల్ప లాభమే. దానికోసం మన టౌన్‌షిప్ వైద్యుని సంప్రదించడంలో తప్పు లేదు. సొంత వైద్యం మాత్రం తప్పు.

చీకటిని కాపాడుకుందాం

మరి ఇంత చదివి మనం గ్రహించినదేమిటి? సీసాలో అమ్మే మెలటోనిన్‌కు హామీ లేదు గాని, మన దేహం ఉచితంగా తయారు చేసుకునే మెలటోనిన్ ఉన్నది. దానికి కావలసిన ముడిసరుకులలో మనం పోగొట్టుకుంటున్నది ఒక్కటే: చీకటి. చీకటిని కాపాడుకుంటే థైరాయిడ్ జబ్బు రాదని మేము అనడం లేదు. నిద్ర బాగుపడుతుందని మాత్రం నిశ్చయంగా చెప్పగలం. నిద్ర బాగుపడితే మిగిలిన ఆరోగ్యానికి అదే పునాది.

రాత్రి షిఫ్టును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోను, మళ్లీ 2019లోను, క్యాన్సర్‌కు కారణం కాగల అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చిన సంగతి మరువరాదు. ఇది భయపడవలసిన వార్త కాదు, జాగ్రత్త పడవలసిన వార్త.

సి-షిఫ్టు ముగించి వచ్చినవారు పడుకునే గదికి మందమైన, ముదురు రంగు తెరలు కట్టుకోవాలి. తెర లేకపోతే కళ్లకు మెత్తని గుడ్డ కట్టుకున్నా చాలు. బస్సులో ఇంటికి వచ్చేవారు చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే ఉదయపు ఎండ కంటి ద్వారా గడియారాన్ని మేల్కొలపకుండా ఉంటుంది. స్కూటరు నడిపేవారు మాత్రం మగతతో ఉన్నప్పుడు ఈ పని చేయరాదు. ముందు క్షేమంగా ఇల్లు చేరడం ముఖ్యం. సెల్‌ఫోను పక్క గదిలో ఉండాలి. ఆ మనిషి పడుకున్న కొద్ది గంటలైనా టీవీ శబ్దం తగ్గించడం, కుక్కరు కూతను కాసేపు వాయిదా వేయడం ఇంటిల్లిపాది చేయగల సాయం. పగలు పని చేసేవారు, పిల్లలు సైతం పడకకు ముందు ఒక గంటయినా పెద్ద దీపాలు ఆర్పి, తెరలున్న పరికరాలను పక్కన పెట్టడం అలవరచుకోవాలి.

థైరాయిడ్ పరీక్ష చేయించుకునేవారికి మరొక మాట. రక్తంలో కొలిచే టీఎస్‌హెచ్ రోజంతా ఒకే తీరున ఉండదు. రాత్రివేళ పెరిగి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. రాత్రంతా మేలుకుంటే అది ఇంకా పెరుగుతుంది. కనుక సి-షిఫ్టు దిగి నేరుగా ప్రయోగశాలకు పోయి రక్తం ఇచ్చి, ఆ అంకె చూసి కంగారుపడవద్దు. ప్రతిసారీ ఒకే వేళకు, వీలైతే రాత్రి నిద్రపోయిన వారంలో పరీక్ష చేయించుకోవాలి. షిఫ్టు సంగతి, వాడుతున్న మాత్రల సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. థైరాయిడ్ మాత్రను పరగడుపున, అల్పాహారానికి అరగంట నుండి గంట ముందు వేసుకోవాలి. ఇనుము, కాల్షియం మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. షిఫ్టులు మారుతున్నప్పుడు వేళ ఎలా సర్దుకోవాలో వైద్యుడే చెప్పగలడు.

ఈ జవాబులు విన్నవించడానికి మేము మళ్లీ ఆ ఇంటికి వెళ్లాం. ఆ ఇల్లాలు సీసాను తీసి మా ముందు పెట్టి, “అయితే దీన్ని డాక్టరుగారికి చూపిస్తాం లెండి,” అన్నారు. థైరాయిడ్ మాత్ర మానలేదు, ఉప్పు మార్చలేదు. ఆమె చేసిన మార్పు ఒక్కటే. పాత దుప్పటి ఒకటి మడతపెట్టి కుట్టి పడకగది కిటికీకి తెరగా కట్టారు. పట్టపగలు పదకొండు గంటలకు ఆ గదిలో చీకటిగా ఉంది. లోపల ఆయన నిద్రపోతున్నారు. మేము చెప్పులు చేతబట్టుకుని మెల్లగా మెట్లు దిగాం.